కాంట్రాక్టు లేని ఫోనుకు మూడేళ్ల ముడి

అమెరికాలో సెల్‌ఫోన్ కంపెనీల ప్రకటనల్లో రెండు మాటలు తరచూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, ఫోను ఉచితం. రెండు, కాంట్రాక్టు లేదు. విడివిడిగా చూస్తే రెండూ నిజాలే. ఒకే బిల్లులో చేరినప్పుడు మాత్రం రెండోది నిలవదు. రెండేళ్ల సర్వీసు కాంట్రాక్టులను పెద్ద కంపెనీలు 2013 నుంచి 2016 మధ్య ఒక్కొక్కటిగా వదిలేశాయి. అవి చేసిన పనిని ఇప్పుడు ఫోను మీద ఉన్న అప్పు చేస్తోంది. అందుకే కాంట్రాక్టు మంచిదా, వాయిదాలు మంచివా, ఏదీ లేని ప్రీపెయిడ్ మంచిదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక పని చేయాలి. ఫోను ధర ఎంత, సర్వీసు ధర ఎంత అన్నది విడదీసి చూడాలి. ఈ రెండూ కలిసిపోయినచోట ఎక్కువగా నష్టపోయింది వినియోగదారుడే.

పాత పద్ధతి ఎలా నడిచిందో చూస్తే ఇది అర్థమవుతుంది. 2008 జులైలో ఐఫోన్ 3జీ ఏటీ అండ్ టీ అనే సెల్‌ఫోన్ కంపెనీ దగ్గర రెండేళ్ల కాంట్రాక్టుతో 199 డాలర్లకు వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అమెరికా వినియోగదారుడి మనసులో మంచి ఫోను ధర అంటే 199 డాలర్లే. 2013లో ఐఫోన్ 5ఎస్‌ను కాంట్రాక్టు లేకుండా కొంటే 649 డాలర్లు. కాంట్రాక్టుతో అదే ఫోను 199. మధ్యలో ఉన్న 450 డాలర్లను కంపెనీ ముందుగా భరించి, 24 నెలల్లో సర్వీసు చార్జీ ద్వారా రాబట్టుకునేది. అంటే నెలకు 18 డాలర్ల 75 సెంట్లు. ఈ అంకె బిల్లులో ఎక్కడా ఉండేది కాదు. పాత పద్ధతిలోని అసలు లోపం ఇదే. అంకె కనబడదు కాబట్టి 24 నెలలు పూర్తయ్యాక కూడా బిల్లు తగ్గేది కాదు. ఫోను బాకీ తీరిపోయినా దాని వాయిదా సర్వీసు చార్జీ పేరుతో నడుస్తూనే ఉండేది. సరిగ్గా రెండేళ్లకొకసారి ఫోను మార్చినవారు లాభపడ్డారు. ఉన్న ఫోనునే మూడో ఏడు, నాలుగో ఏడు వాడుకున్న పొదుపరులు, సొంత ఫోను తెచ్చుకున్నవారు ఆ రాయితీల భారం మోశారు.

ఆ దాచిన అంకె ఎంతో ఏటీ అండ్ టీయే తర్వాత బయటపెట్టింది. 2013 డిసెంబరులో తెచ్చిన కొత్త ప్లాన్లలో, రాయితీ ఫోను తీసుకోనివారికి లైనుకు, అంటే ఒక్కో నంబరుకు, నెలకు 15 డాలర్లు తగ్గించింది. 2014 ఫిబ్రవరిలో 10 జీబీ, అంతకు మించిన ప్లాన్లలో ఆ తేడాను 25 డాలర్లు చేసింది. నెలకు 25 చొప్పున 24 నెలలకు 600 డాలర్లు. 450 డాలర్ల రాయితీ కోసం 600 చెల్లించడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

మధ్యలో మానేస్తే కట్టాల్సిన జరిమానా కూడా తక్కువేమీ కాదు. మరో పెద్ద కంపెనీ వెరిజాన్ 2009 నవంబరులో స్మార్ట్‌ఫోన్లకు ఈ రుసుమును 175 నుంచి 350 డాలర్లకు పెంచింది. నెల గడిచినకొద్దీ పది డాలర్లు తగ్గేది. 23 నెలలు నమ్మకంగా కట్టి చివరి నెలలో మానేసినా ఇంకా 120 డాలర్లు చెల్లించాల్సి వచ్చేది.

ఈ గోడను ముందుగా పగలగొట్టింది టీ-మొబైల్. 2013 మార్చిలో, జాన్ లెజర్ నాయకత్వంలో, సర్వీసు కాంట్రాక్టులను రద్దు చేసి ఫోనును వాయిదాల మీద విడిగా అమ్మడం మొదలుపెట్టింది. ఐఫోన్ 5కు ముందు 99 డాలర్ల 99 సెంట్లు, తర్వాత 24 నెలలు ఇరవై డాలర్ల చొప్పున. మొత్తం 580 డాలర్లకు ఒక సెంటు తక్కువ. వడ్డీ లేదు. 24 నెలలు పూర్తయ్యాక బిల్లులో ఇరవై డాలర్లు తగ్గుతాయి. ఫోను పాడుకాకపోతే అదే వాడుకోవచ్చు, ఆదా అంతా వాడేవారిదే. ఈ ఒక్క మార్పుకే ఆ కంపెనీకి మెచ్చుకోలు దక్కాలి. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఫోను ధరను, సర్వీసు ధరను వేర్వేరు వరుసల్లో చూపడాన్నే తన వ్యాపారానికి ముఖంగా చేసుకోవడం అదే మొదలు.

అయితే మొదటి నెలలోనే ఒక సమస్య బయటపడింది. 2013 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్, ఆ కంపెనీ ప్రకటనలు తప్పుదారి పట్టించేలా ఉన్నాయని తేల్చారు. ఎప్పుడైనా వెళ్లిపోవచ్చని చెప్పారు గానీ, వెళ్లిపోయిన రోజున ఫోను మీద మిగిలిన బాకీ మొత్తం ఒక్కసారిగా చెల్లించాలన్న సంగతి స్పష్టంగా చెప్పలేదన్నది ఆయన అభ్యంతరం. ప్రకటనలు సరిదిద్దడానికి, ఆ ప్రకటనలు నమ్మి చేరినవారు కోరితే జరిమానా లేకుండా వదిలిపెట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇప్పటి గొడవలన్నిటికీ మూలం ఆ అభ్యంతరంలోనే ఉంది.

మిగతా కంపెనీలు త్వరలోనే అదే బాట పట్టాయి. వెరిజాన్ 2015 ఆగస్టులో కొత్తవారికి కాంట్రాక్టులు ఆపింది. ఏటీ అండ్ టీ 2016 జనవరిలో ఆపింది.

క్రెడిట్లు వచ్చాక మారిన లెక్క

నికార్సైన వాయిదా పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. ఫోన్ల ధరలు 800, వెయ్యి డాలర్లు దాటాయి. పోటీ కంపెనీ నుంచి జనాన్ని లాగడానికి మళ్లీ ఉచిత ఫోను కావాల్సి వచ్చింది. ఈసారి రాయితీని ముందుగా ఇవ్వలేదు. ఫోనుకు పూర్తి ధర రాసి, దాన్ని 36 వాయిదాలుగా విడగొట్టి, ప్రతి నెలా ఆ వాయిదాకు సరిపడా మొత్తాన్ని బిల్లులో క్రెడిట్‌గా తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. లెక్క సులువు కోసం 792 డాలర్ల ఫోను అనుకుందాం. నెల వాయిదా 22 డాలర్లు. ఆ కిందే 22 డాలర్ల క్రెడిట్. నికరం సున్నా. చూడటానికి ఉచితమే.

లైను మూసేసిన రోజున క్రెడిట్లు ఆగిపోతాయి, వాయిదాల బాకీ మాత్రం ఉంటుంది. పది నెలలకు మానేస్తే 572 డాలర్లు, ఇరవై నెలలకు మానేస్తే 352 డాలర్లు వెంటనే కట్టాలి. పాత పద్ధతిలో ఇరవయ్యో నెలలో జరిమానా 150 డాలర్లు. ఈ రెండు అంకెలను మాత్రమే పోల్చి కొత్తది రెండింతలు ఘోరమని తేల్చేయడం న్యాయం కాదు. ఎందుకంటే పాత పద్ధతిలో వినియోగదారుడు ఫోను కొన్నప్పుడే 199 డాలర్లు కట్టాడు. అది కలిపితే 349. ఇక్కడ 352. రెండు పద్ధతులూ దాదాపు ఒకే చోట తేలాయి. కాంట్రాక్టు రద్దయిందన్న మాటకు ఈ రెండంకెలే సరైన జవాబు.

తేడా 24వ నెలలో తెలుస్తుంది. పాత వినియోగదారుడు ఆ రోజున పూర్తిగా స్వేచ్ఛాపరుడు. కొత్త వినియోగదారుడికి ఇంకా 264 డాలర్ల బాకీ, మరో పన్నెండు నెలల కట్టుబాటు ఉంటాయి. వెరిజాన్ 2022 ఫిబ్రవరి నుంచి 36 నెలల వాయిదాలకు మారింది, ఏటీ అండ్ టీ అంతకంటే ముందే మారింది. టీ-మొబైల్‌లో ఎక్కువ ఫోన్లకు 24 నెలల వాయిదాలే ఉన్నాయి. ఉచిత ఫోను కోసం కంపెనీని ఎంచుకునేవారు ఫోను కంటే ముందు ఈ నెలల సంఖ్యను పోల్చాలి.

ఇంతకంటే లోతైన అన్యాయం మరొకటి ఉంది. దాని గురించి తగినంత చర్చ జరగడం లేదు. పాత కాంట్రాక్టు ఇద్దరినీ కట్టేసేది. రెండేళ్లు ఉంటానని వినియోగదారుడు మాట ఇస్తే, ఆ రెండేళ్లూ ఇదే ధరకు ఇస్తానని కంపెనీ మాట ఇచ్చేది. మధ్యలో షరతులను వినియోగదారుడికి నష్టం కలిగేలా మారిస్తే జరిమానా లేకుండా వెళ్లిపోయే హక్కు చాలా కాంట్రాక్టుల్లో ఉండేది. ఇప్పుడు సర్వీసు నెలవారీ ఒప్పందం, ఫోను మూడేళ్ల అప్పు. సర్వీసు ధరను కంపెనీ ఏ నెలలోనైనా పెంచవచ్చు. నచ్చకపోతే వెళ్లిపోవచ్చు, కాంట్రాక్టు లేదు కదా అంటుంది. వెళితే ఫోను బాకీ మెడకు చుట్టుకుంటుంది. కట్టు ఒకవైపే మిగిలింది. కాంట్రాక్టుల రద్దుతో పేరు తెచ్చుకున్న టీ-మొబైలే 2017లో మీ ధరను మేము మార్చబోమని ప్రచారం చేసి, 2024లో పాత ప్లాన్ల ధరలు పెంచింది. క్రెడిట్ల మధ్యలో ఉన్నవారు ఆ పెంపును భరించడం తప్ప తేలికైన దారి లేకపోయింది.

ఇది ప్రకృతి నియమం కాదు. పక్కనే ఉన్న కెనడాలో ఇలా జరగలేదు. అక్కడి నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2013 డిసెంబరులో అమల్లోకి తెచ్చిన వైర్‌లెస్ కోడ్ ప్రకారం, రెండేళ్లు గడిచాక ఎవరైనా ఒక్క సెంటు జరిమానా లేకుండా మానేయవచ్చు. ఫోను రాయితీ నెలనెలా సమానంగా కరిగి 24 నెలల్లో సున్నా కావాలి. 2017 డిసెంబరు నుంచి ఫోన్లన్నీ అన్‌లాక్ చేసే, అంటే ఏ కంపెనీ సిమ్ అయినా పనిచేసేలా, ఇవ్వాలి. 2019లో అక్కడి పెద్ద కంపెనీలు 36 నెలల వాయిదాలు మొదలుపెట్టగానే, ఆగస్టులో వాటిని ఆపమని సీఆర్‌టీసీ ఆదేశించింది. ఆ తర్వాత మూడేళ్లు తిరగకుండానే సరిహద్దుకు ఇవతల అమెరికాలో అదే 36 నెలల పద్ధతి మామూలైపోయింది. నియమం పెట్టినచోట వినియోగదారుడికి రక్షణ దొరికింది. మార్కెట్‌కు వదిలేసినచోట గడువు పెరిగింది.

ప్రీపెయిడ్ ఎప్పుడు లాభం

మరోవైపు నిజంగా ఏ కట్టూ లేని పద్ధతి ఉంది. ఫోను విడిగా, అన్‌లాక్ చేసినది కొనుక్కుని, నెలకో మూడు నెలలకో ఏడాదికో ముందుగా డబ్బు కట్టి సర్వీసు తీసుకోవడం. మింట్ మొబైల్, విజిబుల్, క్రికెట్, యూఎస్ మొబైల్, మెట్రో వంటి పేర్లన్నీ ఈ కోవలోవే. వీటిలో చాలావాటికి సొంత టవర్లు లేవు. ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ-మొబైల్ అనే మూడు కంపెనీల టవర్ల మీదే అన్నీ నడుస్తాయి. పైగా విజిబుల్ వెరిజాన్‌దే. క్రికెట్ ఏటీ అండ్ టీ చేతిలో, మెట్రో టీ-మొబైల్ చేతిలో ఉన్నాయి. మింట్‌ను కూడా 2024లో టీ-మొబైల్ కొనేసింది. అదే సిగ్నల్‌ను అదే యజమాని రెండు ధరలకు అమ్ముతున్నాడన్నమాట.

ఎక్కువ ధర కట్టేవారికి దక్కేదేమిటి? రద్దీ వేళల్లో ముందు వరుస. ఒక టవరు పరిధిలో జనం ఎక్కువైనప్పుడు పోస్ట్‌పెయిడ్ పెద్ద ప్లాన్ల డేటాకు ప్రాధాన్యం ఇచ్చి, చవక ప్లాన్లవారి వేగం తగ్గిస్తారు. స్టేడియంలో, విమానాశ్రయంలో, పండుగ వేడుకల్లో ఇది బాగా తెలుస్తుంది. ఊరి చివర ఇంట్లో వైఫై వాడుకుంటూ ఉండేవారికి ఏడాదంతా తెలియకపోవచ్చు. దుకాణంలో మనిషి సాయం, విదేశీ రోమింగ్, సినిమా చందాలు కూడా పెద్ద ప్లాన్లతోనే వస్తాయి. వాడుకునేవారికి అవి విలువైనవే, వాడుకోనివారికి బిల్లులో భారం.

డబ్బు లెక్క ఇప్పుడు తేలిక. 792 డాలర్ల ఉచిత ఫోను నెలకు 22 డాలర్ల రాయితీ. ఆ ఫోను ఇచ్చే ప్లానుకు, దాదాపు అంతే డేటా ఇచ్చే ప్రీపెయిడ్ ప్లానుకు మధ్య తేడా లైనుకు నెలకు 22 డాలర్ల కంటే ఎక్కువైతే ఉచితం నష్టం, తక్కువైతే లాభం. ఒంటరి వ్యక్తి 80 డాలర్ల ప్లానులో చేరి, 25 డాలర్ల ప్రీపెయిడ్ వదులుకున్నాడనుకుందాం. నెలకు 55 చొప్పున 36 నెలలకు 1,980 డాలర్లు అదనం. అందులో 792 ఫోను రూపంలో తిరిగి వచ్చింది. మిగిలిన 1,188 డాలర్లతో అలాంటి ఫోను మరొకటి కొని ఇంకా మిగుల్చుకోవచ్చు. అదే నలుగురున్న కుటుంబంలో పెద్ద ప్లాను లైనుకు 45 పడితే తేడా ఇరవై డాలర్లే. మూడేళ్లకు 720. ఫోను విలువ అంతకంటే 72 డాలర్లు ఎక్కువ. నాలుగు లైన్లకు 288 డాలర్ల నికర లాభం, పైగా రద్దీలో ప్రాధాన్యం. ఇల్లు, ఉద్యోగం స్థిరపడి ఎలాగూ అదే కంపెనీలో ఉండబోయే పెద్ద కుటుంబానికి క్రెడిట్ల పద్ధతి నిజంగానే మంచి బేరం. ఆ సంగతి ఒప్పుకోకుండా అందరికీ ప్రీపెయిడ్ మందు రాసే సలహాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. అవి ఒంటరివారి లెక్కను కుటుంబాల మీద రుద్దుతున్నాయి.

ఈ లెక్కలో మరో రెండు అంకెలు చేర్చాలి. చాలా రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను ఫోను పూర్తి ధర మీద, మొదటి రోజే కట్టాలి. 8 శాతం పన్ను ఉన్నచోట ఉచిత ఫోనుకు 63 డాలర్లు. పాత ఫోను ఇచ్చేస్తేనే ఆఫర్ వర్తిస్తుందంటే, ఆ పాత ఫోనును బయట అమ్మితే వచ్చే ధరను కూడా ఖర్చుగానే రాసుకోవాలి.

భారతదేశం నుంచి వచ్చినవారికి ఈ వ్యవహారమంతా కొత్తగా అనిపించడానికి కారణం ఉంది. మన దగ్గర ఫోను, సిమ్ము మొదటినుంచీ వేర్వేరు బేరాలు. అమెరికాలో ఐఫోన్ 3జీ 199 డాలర్లకు వచ్చిన కొద్ది వారాలకే, 2008 ఆగస్టులో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ దాన్ని 31,000 రూపాయలకు అమ్మాయి. ఆనాటి మారకంలో 700 డాలర్ల పైమాటే. జనం విస్తుపోయారు గానీ, నిజమైన ధర చూపించింది మన దుకాణాలే. 2003లో రిలయన్స్ 501 రూపాయలకు చేతిలో ఫోను పెట్టి మిగతాది నెలనెలా వసూలు చేయబోయిన పథకం బాకీల్లో చిక్కుకుంది. ఆ తర్వాత ఆ దారి ఇక్కడ పెద్దగా సాగలేదు. మన ఈఎంఐలు ఫైనాన్స్ కంపెనీలవీ బ్యాంకులవీ. సిమ్ మార్చినంత మాత్రాన వాయిదా మారదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుకు వెళ్లిన విద్యార్థికి అమెరికాలో మొదటి ఇబ్బంది క్రెడిట్ చరిత్ర, అంటే పాత అప్పులు సరిగా తీర్చిన రికార్డు, లేకపోవడం. వాయిదాల ఫోను అంటే అప్పు. చరిత్ర లేనివారిని డిపాజిట్ అడుగుతారు, లేదా ముందు పెద్ద మొత్తం కట్టమంటారు. ఆ చరిత్ర చూడటానికి అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) ఉద్యోగం దొరికేదాకా రాదు. అందుకే మొదటి ఏడాది ప్రీపెయిడ్ దాదాపు తప్పనిసరి, అదృష్టవశాత్తూ ఒంటరివారికి లాభసాటి కూడా అదే.

ఇబ్బంది రెండో దశలో వస్తుంది. తెలుగు విద్యార్థులు, కొత్త ఉద్యోగులు నలుగురైదుగురు కలిసి ఒకరి పేరు మీద ఫ్యామిలీ ప్లాన్ తీసుకోవడం మామూలు. సర్వీసు వరకే అయితే ఇది చక్కని ఏర్పాటు. ఒకరు వెళ్లిపోతే లైను తీసేస్తే సరిపోతుంది. అందులో ఫోను వాయిదాలు చేరితే సంగతి వేరు. అయిదుగురి ఫోన్ల అప్పు చట్టం దృష్టిలో ఒక్కరిదే. ఉద్యోగం వేరే రాష్ట్రంలో దొరికిన మిత్రుడు కంపెనీ మారినా, వీసా ముగిసి ఇండియాకు వెళ్లిపోయినా, ఆగిపోయిన క్రెడిట్ల బాకీ పేరున్నవాడి బిల్లులోనే పడుతుంది. కట్టకపోతే వసూలు ఏజెన్సీకి వెళుతుంది, ఆయన క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. తర్వాత కారు అప్పుకో ఇంటి అప్పుకో వెళ్లినప్పుడు ఆ మచ్చ ఎదురవుతుంది. లైనును అప్పుతో సహా మిత్రుడి పేరుకు మార్చే వీలుంది గానీ, దానికి మిత్రుడి క్రెడిట్ చరిత్ర కూడా పరీక్షిస్తారు. స్నేహితుల గ్రూపుల్లో సర్వీసు పంచుకోవాలి, ఫోన్లు ఎవరివి వారే కొనుక్కోవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే గొడవలు చాలావరకు పుట్టవు.

ఇక లాక్ సంగతి. బాకీ పూర్తిగా తీరేదాకా ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ ఫోనును అన్‌లాక్ చేయవు. వెరిజాన్ పరిస్థితి చాలాకాలం వేరుగా ఉండేది. 2008 స్పెక్ట్రమ్ వేలం షరతుల వల్ల అది ఫోన్లను లాక్ చేయకూడదన్న నియమం ఉండేది. 2019లో 60 రోజులు లాక్ చేసుకునే సడలింపు పొందింది. 2025లో ఆ పరిమితి నుంచి కూడా మినహాయింపు కోరి, 2026 జనవరిలో పొందింది. కాబట్టి ఏ కంపెనీ అయినా కొనే రోజున ఉన్న షరతునే నమ్మాలి, పాత అనుభవాలను కాదు.

లాక్ అయిన ఫోనుతో సెలవులకు ఇంటికి వెళితే జియో, ఎయిర్‌టెల్ సిమ్ పనిచేయదు. అది రెండు మూడు వారాల ఇబ్బంది. అంతకంటే పెద్దది రోజువారీది. ఇండియా బ్యాంకు ఖాతాల ఓటీపీలు, ఆధార్ సందేశాలు వచ్చే పాత నంబరును చాలామంది బతికించుకుంటారు. ఫోనులో రెండు సిమ్‌లకు చోటున్నా, లాక్ ఉన్నంతకాలం రెండో సిమ్ కూడా వేరే కంపెనీది పనిచేయదు. అమ్మానాన్నల ఖాతాలు చూసుకునేవారు, ఊళ్లో ఇంటి అద్దె అందుకునేవారు ఆ నంబరు కోసం రెండో ఫోను మోయాల్సి వస్తోంది. ఉచిత ఫోను లెక్కలో ఈ ఖర్చు ఎవరూ వేయరు. వాయిదాలు కావాలి, లాక్ వద్దు అనుకునేవారికి తయారీదారు దగ్గరే దారి ఉంది. యాపిల్ 2015లో మొదలుపెట్టిన ఐఫోన్ అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌లో ఫోను అన్‌లాక్ అయి వస్తుంది. 24 నెలల వాయిదాలకు వడ్డీ లేదు, యాపిల్‌కేర్ అనే మరమ్మతు బీమా ఖర్చు మాత్రం వాయిదాలో కలిసి ఉంటుంది. క్రెడిట్ పరీక్ష ఇక్కడా ఉంటుంది. కానీ ఆ అప్పుకూ సిమ్ముకూ సంబంధం లేదు. సర్వీసు కంపెనీ ధర పెంచిన నెలలోనే, వాయిదా ఒక్క డాలరు మారకుండా, మరో కంపెనీకి వెళ్లిపోవచ్చు.